గిరిజన బంధువు హైమన్‌డార్ఫ్

భద్రాచలము దాటిన పిమ్మట గోదావరి తూర్పు కనుమలను చీల్చుకొని పాపికొండల నడుమ ప్రవహించును. నదికి ఇరుప్రక్కల వెదురు పొదలతోను, పెనువృక్షములతోను నిండిన కొండలు నిట్టనిలువుగా నిలిచియుండును. ఆ కొండలమీద కొండరెడ్లును, దిగువ నేలలలో కోయలును తరతరములుగా నివసించుచున్నారు. ఈ అడవి నేడు కొంత తెలంగాణమునందును, కొంత ఆంధ్రప్రదేశమునందును ఉన్నది. 1941 నాటికి భద్రాచలమున్న ఒడ్డు ఆంగ్లేయుల పాలనలోని మద్రాసు రాజధానికి చెందియుండెను. ఎదుటి ఒడ్డుననున్న పాల్వంచ సంస్థానము నిజాము ప్రభువు ఏలుబడిలోని వరంగల్లు జిల్లాలో చేరియుండెను. ఖమ్మము జిల్లా అప్పటికి ఏర్పడలేదు. అది 1953లో ఏర్పడెను. భద్రాచలము తాలూకా 1959లో దానిలో కలిసెను.

ఆ దినములలో ఈ అడవులకు పట్టణవాసులు వచ్చుట అరుదు. వచ్చినవారు కలప వర్తకులో, అటవీశాఖ ఉద్యోగులో, పన్నులు వసూలు చేయువారో అయియుండిరి. వారిలో పెక్కుమంది అడవినుండి ఏదో ఒకటి తీసికొనిపోవుటకు వచ్చినవారే. అట్టి కాలమున ఒక విదేశీయుడు కొండరెడ్ల గ్రామములకు వచ్చి, వారి నడుమ బసచేసి, వారి బ్రతుకు తీరును తెలిసికొనగోరెను. ఆయనయే ప్రసిద్ధ మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

హైమన్‌డార్ఫ్ 1909వ సంవత్సరము జూన్ 22వ తేదీన ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరమున ఒక కులీన కుటుంబమునందు జన్మించెను. చిన్ననాటనే రవీంద్రనాథ ఠాగూరు రచనలను చదివి భారతదేశముపై మక్కువ పెంచుకొనెను. వియన్నా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రమును అభ్యసించి, అస్సాము కొండజాతుల సంఘవ్యవస్థను గూర్చి పరిశోధన చేసి 1931లో డాక్టరు పట్టమును పొందెను. మానవశాస్త్రమనగా మనుష్యుల ఆచారములను, భాషలను, కుటుంబ వ్యవస్థలను, జీవనోపాధులను పరిశీలించి తెలుపు శాస్త్రము. ఈ శాస్త్రమును గ్రంథాలయమున కూర్చుండి నేర్చుట కొంతవరకే సాధ్యము. ఎవరిని గూర్చి తెలిసికొనగోరుదుమో వారితో కలిసి నివసించి, వారి భాషను నేర్చుకొన్నప్పుడే అది సంపూర్ణమగును. లండను నగరమున మలినౌస్కీ అను ఆచార్యుడు ఈ పద్ధతిని బోధించుచుండెను. హైమన్‌డార్ఫ్ ఆయన యొద్ద శిక్షణ పొంది, 1936లో నాగా కొండలకు వచ్చి, కొన్యాక్ నాగుల మధ్య మాసముల తరబడి నివసించెను.

1938లో ఆయన ఎలిజబెత్ బార్నార్డో అను ఆంగ్ల యువతిని వివాహమాడెను. ఆమెను అందరును బెట్టీ అని పిలిచెడివారు. ఆమె భర్తకు గృహిణి మాత్రమే కాదు. ఆయన పరిశోధనలలో సమభాగిని. మన్యములలోను, మంచుకొండలలోను, గుడారములలోను, పూరిపాకలలోను ఆమె ఆయన వెంట నుండి అనేక సంవత్సరములు శ్రమించెను.

వారి వివాహము జరిగిన సంవత్సరమే జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించుకొనెను. దానితో ఆస్ట్రియా పౌరులందరును జర్మను పౌరులుగా ఎంచబడిరి. 1939లో హైమన్‌డార్ఫ్ మరల భారతదేశమునకు వచ్చెను. ఆ సెప్టెంబరు మాసముననే రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. ఆంగ్లేయులకు జర్మనీ శత్రుదేశము. హైమన్‌డార్ఫ్ చేతిలో నున్నది జర్మను ప్రయాణపత్రము. నాజీ పాలకులతో ఆయనకు ఎట్టి సంబంధమును లేకున్నను, చట్టము దృష్టిలో ఆయన శత్రుదేశ పౌరుడే. అందుచేత హైదరాబాదు సంస్థానపు ఎల్లలలోనే ఉండవలెనని ఆయనకు ఆంక్ష విధింపబడెను.

అట్టి స్థితిలో మరియొకడైనచో యుద్ధము ముగియువరకు నగరమునందే కాలము గడిపి, తన దురదృష్టమును నిందించుకొనుచుండెడివాడు. హైమన్‌డార్ఫ్ అట్లు చేయలేదు. ఎల్లలు దాటరాదన్న ఆంక్ష ఉన్నను, ఆ ఎల్లల లోపల నల్లమల అడవులు, గోదావరి కొండలు, ఆదిలాబాదు మన్యము ఉన్నవి. వానిలో చెంచులు, కొండరెడ్లు, కోయలు, గోండులు, కొలాములు ఉన్నారు. వారిని గూర్చి రాజధానిలోని అధికారులకు తెలిసినది స్వల్పము. ఆయన నిజాము ప్రభుత్వము అనుమతితో ఆ అడవులకు పయనమయ్యెను. తనకు కలిగిన నిర్బంధమునే ఆయన సేవకు అవకాశముగా మార్చుకొనెను.

మొదట 1940లో కృష్ణానది పైనున్న అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల మధ్య నివసించెను. పిమ్మట గోదావరీ తీరమునకు వచ్చి పాల్వంచ సంస్థానములోని కొండరెడ్లను దర్శించెను. కొండరెడ్ల మాతృభాష తెలుగే. వారు కొండవాలున కొంత మేర చెట్లను కొట్టి, కాల్చి, ఆ బూడిద నేలలో జొన్నలు, చిరుధాన్యములు చల్లుదురు. దీనినే పోడు వ్యవసాయమందురు. రెండు మూడు పంటలు తీసిన పిమ్మట ఆ నేలను విడిచి మరియొక చోటికి పోవుదురు. ధాన్యము చాలని మాసములలో మామిడి టెంకల పిండి, అడవి దుంపలు, జీలుగు చెట్టు మొదలి పిండి వారి ఆకలి తీర్చును. వెదురు తడికలతో అల్లిన చిన్న ఇండ్లు వారి నివాసములు.

ఈ బ్రతుకు కష్టమైనదైనను అందు స్వేచ్ఛ కలదు. కాని హైమన్‌డార్ఫ్ వచ్చునాటికి ఆ స్వేచ్ఛ చాలవరకు నశించెను. ప్రభుత్వము అడవులకు హద్దులు నిర్ణయించి పోడును అరికట్టుచుండెను. మరియొక ప్రక్క కలప వర్తకులు ఆ కొండలకు చేరిరి. కొండలమీది కలపను, వెదురును నరికించి, నదిలో తెప్పలుగా కట్టించి, రాజమహేంద్రవరమునకు దింపుట వారి వ్యాపారము. నరకుటకును, మోయుటకును కొండరెడ్లు కావలెను. వర్తకుడు ముందుగా కొంత ధాన్యము, ఒక బట్ట అప్పుగా ఇచ్చును. ఆ అప్పు తీరువరకు పని చేయవలెను. లెక్క వ్రాయువాడు వర్తకుడు. లెక్క చదువగలవాడు కూడ వర్తకుడే. ఎంత పని చేసినను అప్పు తరుగుటలేదు. తండ్రి చేసిన అప్పునకు కుమారుడు గొడ్డలి పట్టవలసి వచ్చుచుండెను.

హైమన్‌డార్ఫ్ ఈ విషయమును శ్రద్ధతో పరిశీలించెను. కొండరెడ్డి బలహీనుడు కాడు. నిటారైన కొండపై దున్నక, దుంపకర్రతో నేలను త్రవ్వి పంట తీయగల నేర్పరి. అడవిలోని ప్రతి చెట్టు గుణమును ఎరిగినవాడు. అట్టివాడు వర్తకుని ఎదుట ఎందులకు ఓడిపోవుచున్నాడు? కాగితముపై నున్న నాలుగు అంకెలు అతనికి తెలియకపోవుటయే అందుకు ఒక ప్రధాన కారణము. తన కూలి ఎంత, తాను తీసికొన్నది ఎంత, మిగిలినది ఎంత అని తెలిసికొనలేనివానికి గొడ్డలి పట్టు బలమెంత ఉన్నను ప్రయోజనము లేదు. అక్షరము లేనిచోట అప్పు సంకెలగా మారునని గోదావరి కొండలు ఆయనకు బోధించెను.

పాల్వంచ సంస్థానములోని కొండరెడ్లను గూర్చి ఆయన ప్రభుత్వమునకు ఒక నివేదిక సమర్పించెను. వర్తకుల చేతులనుండి వారిని కాపాడవలెనని, వారికి పోడు చేసికొనుటకు తగిన స్థలము విడువవలెనని అందు సూచించెను. చెంచులను, కొండరెడ్లను, గోండులను గూర్చిన ఆయన నివేదికలు 1945లో ఒక సంపుటముగా ప్రకటింపబడినవి. ఆ సంవత్సరముననే కొండరెడ్లపై ఆయన వ్రాసిన పెద్ద గ్రంథము కూడ వెలువడెను. అప్పటి రెవిన్యూ మంత్రి గ్రిగ్సన్ స్వయముగా బస్తరు గోండులను గూర్చి గ్రంథము వ్రాసినవాడగుటచే, ఆయన సూచనలను ఆదరముతో స్వీకరించెను. పండితుని పరిశోధన, పాలకుని సానుభూతి ఒకచోట చేరుట ఆ గిరిజనుల అదృష్టము.

ఇంతలో ఆదిలాబాదు జిల్లాలో ఘోరమైన సంఘటన జరిగియుండెను. అడవి భూములపై హక్కు కోరి తిరుగబడిన గోండు నాయకుడు కొమరం భీము 1940లో జోడేఘాట్ వద్ద పోలీసుల కాల్పులలో ప్రాణములు కోల్పోయెను. తిరుగుబాటును అణచిన పిమ్మట దానికి కారణమేమో తెలిసికొనవలెనని ప్రభుత్వమునకు తోచెను. ఆ పనికి హైమన్‌డార్ఫ్ తగినవాడని నిశ్చయించిరి. ఆయన సతీసమేతముగా ఉట్నూరు ప్రాంతమునందలి మార్లవాయి అను గోండు గ్రామమునకు పోయి, అచ్చట పూరిపాక వేసికొని నివసింపసాగెను. గోండీ భాషను నేర్చుకొనెను. గోండుల పండుగలలో పాల్గొనెను. వారి పురాణగాథలను వ్రాసికొనెను. వారి పొలముల చరిత్రలను కూడ విచారించెను.

గోండుల కష్టములకు మూలము కొండరెడ్ల కష్టముల మూలమువంటిదే అని ఆయనకు విశదమయ్యెను. గోండు రైతు అడవిని నరికి, నేలను చదునుచేసి, తరతరములుగా సేద్యము చేయుచుండును. ఆ భూమికి పట్టా అనునది ఒకటి ఉండవలెనని అతనికి తెలియదు. తెలిసినవాడు మైదానమునుండి వచ్చి, కచ్చేరికి పోయి, ఆ భూమిని తన పేర వ్రాయించుకొనును. గ్రామలెక్కలు వ్రాయు పట్వారీ పరాయివాడు. ఆ లెక్కలు వ్రాసెడి భాష గోండునకు రాదు. వ్రేలిముద్ర వేయుమన్నచోట అతడు వేయును. ఆ ముద్రతో తన పొలము పోయెనని పైరు కోయుటకు పోయిననాడు తెలియును. కావున భూమి ఇచ్చుట మాత్రమే చాలదు; దానిని నిలుపుకొనగల విద్యయు ఇయ్యవలెనని హైమన్‌డార్ఫ్ నిశ్చయించెను.

కాని విద్య నేర్పువారెవరు? పట్టణములలోని ఉపాధ్యాయులు మలేరియా జ్వరములకు భయపడి అడవి గ్రామములకు వచ్చుటకు ఇష్టపడలేదు. వచ్చినను వారికి గోండీ రాదు. పిల్లలకు వారి భాష రాదు. గోండీ వచ్చినవారికి చదువు రాదు. ఈ చిక్కుముడిని విప్పుటకు హైమన్‌డార్ఫ్ ఒక మార్గమును కనుగొనెను. పిల్లలకు బడి పెట్టుటకు ముందు పెద్దలకు బడి పెట్టవలెను. గోండులలో కొద్దిపాటి అక్షరజ్ఞానము ఏదో విధముగా సంపాదించిన యువకులు అచ్చటచ్చట ఉండిరి. అట్టివారిని వెదకి మార్లవాయికి పిలిపించి, ప్రభుత్వ వ్యయముతో చదువు చెప్పి, వారినే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దుటకు 1943లో ఒక శిక్షణ కేంద్రమును ఆరంభించెను.

ఆ కేంద్రమునకు గొప్ప భవనములు లేవు. నేర్చుకొనవచ్చినవారు పొలము దున్నినవారు, పశువులను కాచినవారు. నాగలి పట్టిన వ్రేళ్లకు బలపము పట్టుట మొదట కష్టమయ్యెను. చదువు ఆరంభమైనది వారి మాతృభాషయగు గోండీలో. గోండీకి అప్పటికి పాఠ్యపుస్తకములు లేవు. అందుచేత దేవనాగరి లిపిలో గోండీ వాచకములు సిద్ధము చేయబడెను. గోండుల వీరగాథలు, దేవతల కథలు పాఠములయ్యెను. తాత నోట విన్న కథ పుస్తకమున కనబడినప్పుడు చదువు పరాయిదిగా తోచలేదు. పిమ్మట ఆ ప్రాంతమున వాడుకలోనున్న మరాఠీని, ప్రభుత్వ భాషయగు ఉర్దూను నేర్పిరి. తెలిసిన భాషతో అక్షరమును పట్టుకొని, ఆ అక్షరముతో తెలియని భాషను చేరుకొనుట ఆ పద్ధతి.

ఇట్లు శిక్షణ పొందిన గోండులు తమ తమ ప్రాంతములకు పోయి బడులు నడపసాగిరి. వారు ఆ గాలిలో పుట్టినవారు, ఆ నీరు త్రాగినవారు. అడవి వారికి భయము కలిగింపలేదు. పిల్లల తల్లిదండ్రులు వారిని తమవారిగా నమ్మిరి. తమ ఇంటి బిడ్డయే గురువైనప్పుడు బడికి పిల్లలను పంపుటకు సంశయించువారెవరు?

మార్లవాయి కేంద్రము ఉపాధ్యాయులను తయారుచేయుటతో ఆగలేదు. గ్రామలెక్కలు వ్రాయుటలోను, కచ్చేరి పనులలోను కూడ గోండులు శిక్షణ పొందిరి. కొందరు పట్వారీలైరి; కొందరు గుమాస్తాలైరి; కొందరు అటవీశాఖలో రక్షకభటులైరి. ఈ మార్పు సామాన్యమైనది కాదు. నిన్నటివరకు పట్వారీ ఎదుట చేతులు కట్టుకొని నిలిచిన వంశమునుండియే నేడు పట్వారీ పుట్టెను. అడవిలో కట్టె కొట్టినందుకు బెదరింపబడినవాడే అడవిని కాపాడు ఉద్యోగి అయ్యెను. పెద్దలకు నేర్పిన చదువు వెంటనే జీవనోపాధిగాను, జాతికి రక్షణగాను పరిణమించుట ఇందు గమనింపదగిన విషయము.

విద్యతోపాటు భూమి పంపకమును కూడ సాగెను. ఆదిలాబాదు జిల్లాలో 1949 నాటికి పదునొకండు వేలకు పైగా గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరముల భూమి పట్టాలుగా ఈయబడెను. గిరిజన ప్రాంతములకు ప్రత్యేక నిబంధనలను కూడ ప్రభుత్వము ఆ కాలముననే ఏర్పరచెను. ఇందులో అధికారుల కృషియు కలదు. ముఖ్యముగా సేతుమాధవరావు పగ్డీ అను ఉద్యోగి గోండీ భాషను నేర్చి, గోండుల మేలుకొరకు శ్రమించెను. ఒక మంచి పని నెరవేరుటకు పెక్కు చేతులు కావలెను. కాని దారి చూపునట్టి చేయి మొదట ఒకటి ఉండవలెను.

యుద్ధకాలముననే హైమన్‌డార్ఫ్ పై ప్రభుత్వమునకు విశ్వాసము కుదిరెను. ఒకప్పుడు శత్రుదేశీయుడని ఎల్లలు గీసిన ఆంగ్ల ప్రభుత్వమే 1944లో ఆయనను ఈశాన్య సరిహద్దునందలి సుబన్సిరి ప్రాంతమునకు ప్రత్యేకాధికారిగా పంపెను. అచ్చటినుండి తిరిగివచ్చిన పిమ్మట ఆయన హైదరాబాదు ప్రభుత్వమునకు గిరిజనుల విషయమున సలహాదారుగాను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగాను పనిచేసెను. గోండులకొరకు ఏర్పడిన విద్యాపథకమువంటిదే వరంగల్లు జిల్లాలోని కోయలకొరకును ఏర్పడెను. గోదావరి కొండలలో ఆయన హృదయమున నాటుకొన్న ఆలోచన మార్లవాయిలో మొలకెత్తి, మరల గోదావరి వైపునకే కొమ్మలు చాచెను.

1949లో హైమన్‌డార్ఫ్ లండను విశ్వవిద్యాలయములోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన విద్యాలయమున చేరెను. 1951లో అచ్చట ఆసియా మానవశాస్త్రమునకు ప్రధానాచార్యుడై, 1976లో విశ్రాంతి పొందువరకు ఆ పదవిని నిర్వహించెను. 1953లో నేపాళమునకు పోయి హిమాలయములలోని షెర్పాలను గూర్చి పరిశోధించి ప్రపంచ ప్రఖ్యాతి నొందెను. కీర్తి లభించినను, దేశములు మారినను, తెలుగునాటి అడవులను ఆయన మరువలేదు. పలుమారులు భార్యాసమేతముగా హైదరాబాదునకు వచ్చి, మార్లవాయికి పోయి, పాత మిత్రులను పలుకరించుచుండెను.

పదవీ విరమణానంతరము ఆయన ఆ ప్రాంతములను మరల సావధానముగా పరిశీలించెను. కాని ఆయన చూచినదంతయు సంతోషకరమైనది కాదు. రహదారులు ఏర్పడినవి, వానివెంట మైదానములనుండి జనము వచ్చిరి. గిరిజనుల భూములు చాలచోట్ల మరల చేతులు మారినవి. 1959లో చేసిన భూమి బదలాయింపు నిబంధన తెలంగాణమునకు 1963లో వర్తించెను. 1970లో అది మరింత కఠినము చేయబడెను. చట్టము కాగితముపై బలముగానే ఉండెను. దానిని ఆచరణలో పెట్టించుకొను శక్తి మాత్రము గిరిజనులకు చాలకుండెను. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మట బడులలో బోధన తెలుగులోనికి మారినందున గోండీ వాచకములును వెనుకబడెను. పెద్దలకు చదువు నేర్పి, వారిచేత పిల్లలకు నేర్పించిన ఆ పద్ధతి మొదటి వేగముతో కొనసాగలేదు.

హైమన్‌డార్ఫ్ ఈ లోపములను దాచలేదు. తాను నాటిన మొక్క వాడినదని చెప్పుటకు వెనుదీయలేదు. 1982లో ప్రకటించిన భారత గిరిజనులను గూర్చిన గ్రంథములో గోండుల, కోయల, కొండరెడ్ల భూములు ఎట్లు పోవుచున్నవో వివరముగా వ్రాసెను. మొదట చూచినప్పటి స్థితిని, నలువది సంవత్సరముల పిమ్మటి స్థితిని ప్రక్కప్రక్కన నిలిపి చూపగలవాడు ఆయన ఒక్కడే అయినందున ఆ గ్రంథమునకు గొప్ప విలువ కలిగెను. పట్టా ఇచ్చి పోవుట, బడి తెరచి పోవుట ఒకనాటి పని. వానిని కాపాడుట ప్రతి తరము చేయవలసిన పని. ఈ సత్యము ఆయన జీవితమునుండి మనకు తేటపడుచున్నది.

1987లో బెట్టీ హైదరాబాదులో పరమపదించెను. ఆమె దేహమును మార్లవాయికి తీసికొనిపోయి, తమ తొలినాటి నివాసము ఉన్న ఆ గ్రామమునందే సమాధి చేసిరి. గోండులు తమ ఇంటి పెద్దను కోల్పోయినట్లు దుఃఖించిరి. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11వ తేదీన లండనులో కన్నుమూసెను. పెక్కు సంవత్సరముల పిమ్మట, 2012లో, ఆయన చితాభస్మమును కూడ మార్లవాయికి తెచ్చి భార్య సమాధి చెంతనే నిక్షేపించిరి. వియన్నాలో పుట్టినవాడు, లండనులో కీర్తి గడించినవాడు, చివరకు ఒక చిన్న గోండు గ్రామపు మట్టిలో కలిసెను. ప్రతి సంవత్సరము జనవరి మాసమున గిరిజనులు ఆ సమాధులయొద్ద చేరి వారిని స్మరించుచుందురు.

హైమన్‌డార్ఫ్ తలపెట్టిన కార్యము ఆయనతో ముగియలేదు. అటవీ ఫలసాయమును దళారుల చేతులలో పడనీయక కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడెను. 1978 అక్టోబరు 2వ తేదీన దేశమంతట వయోజన విద్యా కార్యక్రమము ఆరంభమయ్యెను. భద్రాచలమున గిరిజనాభివృద్ధి సంస్థ వెలసి, ఆశ్రమ పాఠశాలలను నడపుటయే గాక, చదువు మధ్యలో మానిన యువతీ యువకులకు ఉచితముగా వృత్తి శిక్షణ నిచ్చుచున్నది. 2004లో గోండీ, కోయ మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో చిన్నపిల్లలకు బోధన చేయు ప్రయత్నము ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొదలిడబడెను. మాతృభాషలో తొలి అక్షరము నేర్పవలెనన్న భావము మార్లవాయి పాకలో 1943లోనే ఆచరణకు వచ్చినదన్న సంగతి మరువరాదు.

ఈ మహనీయుని చరిత్రమునుండి నేర్వదగిన విషయములు కొన్ని కలవు. ఇతరులకు మేలు చేయగోరువాడు మొదట వారి మాట వినవలెను. వినుటకు వారి భాష నేర్వవలెను. ఆయన గిరిజనులకు విద్య నేర్పకమునుపు తాను వారియొద్ద విద్యార్థి అయ్యెను. రెండవది, చదువునకు వయస్సు అడ్డుకాదు. పొలము దున్నిన గోండు యువకులు అక్షరములు దిద్ది గురువులైరి. మూడవది, చదువనగా పరీక్షలకొరకు కంఠస్థము చేయునది మాత్రమే కాదు. తన కూలి లెక్క తాను చూచుకొనుట, తన పొలము పట్టా తాను చదువుకొనుట, తన న్యాయమును తాను అడుగుకొనుట కూడ చదువే.

నేటికిని మన గ్రామములలో సంతకమునకు బదులు వ్రేలిముద్ర వేయు తాతలు, అవ్వలు ఉన్నారు. వారు తెలివిలేనివారు కారు. విత్తనము గుణమును, వాన రాకను, వనమూలికల శక్తిని వారు ఎరుగుదురు. వారికి కొరవడినది అక్షరము ఒక్కటే. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడో బాలికయో దినమునకు ఒక గంట కూర్చుండి వారికి పేరు వ్రాయుట, అంకెలు చదువుట నేర్పినచో, అది ఆ ఇంటికి గొప్ప రక్షణ కాగలదు. అందుకు పెద్ద భవనము అక్కరలేదు, ధనము అక్కరలేదు. ఓర్పు, ప్రేమ ఉన్న చాలును. ఆ రెండు గుణములే దూరదేశమున పుట్టిన హైమన్‌డార్ఫును తెలుగునాటి అడవి ప్రజలకు ఆత్మబంధువుగా చేసినవి.